అమ్మకి షుగర్ వల్ల రెటీనాలో వాపు: కంట్లో ఇంజెక్షన్లా, ఆకు మందా? రెండూ కలిపి వాడొచ్చా?

తణుకు_సుజాత

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

మా అమ్మకి 58 ఏళ్లు. షుగర్ వచ్చి పదిహేనేళ్లు కావస్తోంది, బీపీ కూడా ఉంది. ఈమధ్య టీవీలో కింద పరిగెత్తే అక్షరాలు వంకర్లు తిరిగి కనిపిస్తున్నాయని, బియ్యంలో రాళ్లు ఏరలేకపోతున్నానని అంటోంది. అద్దాలు మార్పిద్దామని తీసుకెళ్లాం. చుక్కల మందు వేసి, కంటిపాప పెద్దదయ్యాక చూసి, ఓసీటీ అనే రెటీనా పొరల స్కాన్ తీశారు. కుడికంట్లో రెటీనా, అంటే కంటి వెనక వెలుగుని పట్టే పొర, మధ్యభాగంలో నీరు చేరి వాచిందట. కుడికన్ను చూపు 6/18, ఎడమది 6/9 (6/6 అయితే మామూలు చూపు). హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 9.4 ఉంది. కుడికంట్లో నెలకొకటి చొప్పున ఇంజెక్షన్లు మొదలుపెట్టాలన్నారు. ముందు ముందు రెండు కళ్లకీ లేజర్ కూడా పడొచ్చన్నారు.

కంట్లో సూది అనేసరికి అమ్మ వణికిపోయింది. ఈలోపు మా మేనమామ వచ్చి, రాజమండ్రి అవతల ఒకాయన కంట్లో ఆకు పసరు వేసి, తినడానికి పొడి ఇస్తాడని, నలభై రోజుల్లో చూపు తిరిగొస్తుందని చెప్పాడు. షరతు ఒకటే, ఆ నలభై రోజులూ ఇంగ్లీషు మందులు ముట్టకూడదట. అమ్మ అటే మొగ్గుతోంది. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు.

ఇంజెక్షన్లు వేయించుకుంటూనే ఇంటి వైద్యం కూడా చేసుకోవచ్చా? ఏది మంచిది, ఏది ప్రమాదం? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఓరుగల్లు_శ్రీధర్

సుజాత గారూ, ముందు అమ్మగారి భయం సంగతి చెప్తాను. నేను ఇప్పటికీ ఆ ఇంజెక్షన్లు తీసుకుంటున్నవాణ్ణే.

సూది నల్లగుడ్డులోకి దించుతారని అందరూ అనుకుంటారు. అలా కాదు. తెల్లగుడ్డు మీద, పక్కగా వేస్తారు. ముందు మత్తు చుక్కలు రెండు మూడు విడతలు పోస్తారు. తర్వాత గోధుమరంగు అయోడిన్ చుక్కలు, ఇవి కాస్త మండుతాయి. నిజం చెప్పాలంటే మొత్తంలో ఎక్కువ ఇబ్బంది పెట్టేది అదే. రెప్పలు మూతపడకుండా చిన్న క్లిప్పు పెడతారు. "పైకి చూడండి, అటు పక్కకి చూడండి" అంటారు, ఎవరో వేలితో నొక్కినట్టు ఉంటుంది, అయిపోతుంది. సూది కంటికి కనపడదు.

వేశాక ఒకటి రెండు రోజులు కంటి ముందు గుండ్రటి నల్ల బుడగలు తేలుతూ కనిపించొచ్చు. మందుతో పాటు లోపలికి వెళ్లిన గాలి అది, కంగారు పడొద్దు. సూది పడ్డచోట ఎర్రగా రక్తపు మచ్చ కూడా కనిపించొచ్చు, వారం పది రోజుల్లో పోతుంది. చెప్పినన్ని రోజులు కంట్లో నీళ్లు పడనివ్వకూడదు, తలస్నానం వద్దు. నొప్పి రోజురోజుకీ పెరిగినా, ఎర్రదనంతో పాటు చూపు తగ్గినా ఆ రోజే ఆస్పత్రికి పరిగెత్తాలి, మర్నాటి దాకా ఆగకూడదు.

నాకు అద్భుతాలేమీ జరగలేదు. కానీ బండి నంబర్ ప్లేట్లు చదవగలుగుతున్నాను. నా షాపు లెక్కలు నేనే రాసుకుంటున్నాను.

పెదకాకాని_రమణయ్య

అమ్మా సుజాతా, నాకు 71 ఏళ్లు. పొద్దున్నే పరగడుపున నానబెట్టిన మెంతులు, వారంలో మూడు నాలుగు సార్లు కాకరకాయ రసం, పెరట్లో పొడపత్రి తీగ ఉంది, దాని ఆకు రెండు నమిలి నీళ్లు తాగుతాను. ఆ ఆకు నమిలాక పంచదార నోట్లో వేసుకుంటే ఇసుకలా ఉంటుంది, తీపే తెలియదు. నా షుగర్ బాగా దిగింది. అంతేకాదు, మసకగా ఉన్న చూపు కూడా తేటపడింది, పేపరు చదువుతున్నాను. మన పెద్దలు ఊరికే చెప్పలేదు. ఇంజెక్షన్ల పేరుతో ఆస్పత్రులు బెదరగొడుతున్నాయని నా అభిప్రాయం. పసరు సంగతి నాకు తెలియదు గానీ తినే మూలికలు మాత్రం తప్పకుండా వాడమ్మా.

రెటీనా_వైద్యురాలు_విశాఖ

సుజాత గారూ, మీ అమ్మగారి కన్ను నేను చూడలేదు కాబట్టి ఆమెకు ఏం వేయాలన్నది అక్కడి డాక్టరుకే వదిలేస్తాను. జబ్బు సంగతి మాత్రం వివరంగా రాస్తాను.

రెటీనాలో వెంట్రుకకన్నా సన్నని రక్తనాళాలుంటాయి. ఏళ్ల తరబడి షుగర్ ఎక్కువగా ఉంటే వాటి గోడలు బలహీనపడతాయి. పొలంలో పాతబడ్డ డ్రిప్ పైపు వేయాల్సిన చోట కాకుండా దారి పొడవునా కారినట్టు, ఆ నాళాల నుంచి నీరు, కొవ్వు బయటికి ఊరతాయి. అది రెటీనా మధ్యలో, అంటే మాక్యులాలో చేరితే గీతలు వంకరగా కనబడతాయి. అమ్మగారికి జరిగింది ఇదే. రెండో దారి ఇంకా ప్రమాదం. కొన్ని నాళాలు మూసుకుపోతాయి, అక్కడి రెటీనాకి ఆక్సిజన్ అందదు, అది వీఈజీఎఫ్ అనే రసాయనాన్ని విడుదల చేస్తుంది. దాంతో కొత్త నాళాలు పుడతాయి గానీ అవి పెళుసువి. చిట్లితే కంట్లో రక్తం నిండుతుంది. మచ్చకట్టి రెటీనాని లాగితే అది ఊడిపోతుంది.

ఇంజెక్షన్ మందు ఆ వీఈజీఎఫ్‌ని అడ్డుకుంటుంది. ఊట తగ్గుతుంది, వాపు దిగుతుంది. లేజర్ పని వేరు. అంచుల్లో ఆకలితో ఉన్న రెటీనాని కొంత మేర కాల్చి ఆక్సిజన్ గిరాకీ తగ్గిస్తుంది, మధ్య చూపుని కాపాడుతుంది. 1970ల్లో అమెరికాలో చేసిన పెద్ద పరీక్షలోనే, లేజర్ తీసుకున్న కళ్లలో తీవ్రమైన చూపు నష్టం సగానికి పైగా తగ్గిందని తేలింది.

రమణయ్య గారూ, మీ మెంతుల సంగతి కొట్టిపారేయను. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులే 1990 ప్రాంతంలో మెంతుల మీద పరీక్షలు చేసి రక్తంలో చక్కెర తగ్గుతుందని చూపించారు. మీ చూపు తేటపడిన మాట కూడా నిజమే కావొచ్చు. షుగర్ బాగా ఎక్కువగా ఉన్నప్పుడు కంటి కటకం నీరు పీల్చి దాని పవర్ మారిపోతుంది, షుగర్ దిగితే మళ్లీ సర్దుకుంటుంది. అందుకే షుగర్ కుదుటపడేదాకా కొత్త అద్దాలు రాయించుకోవద్దంటాం. కానీ ఆ మెరుగు కటకానిది, రెటీనాది కాదు. దయచేసి ఒకసారి చుక్కలు వేయించుకుని రెటీనా చూపించుకోండి. పేపరు చదవగలిగే మనిషి రెటీనాలో కూడా కొత్త నాళాలు పెరిగిపోయి ఉండటం నేను దాదాపు ప్రతి వారం చూస్తాను. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, దురద ఉండదు. అందుకే జనం ఆలస్యంగా వస్తారు.

ఇక పసరు. వద్దు, వద్దు, వద్దు. నందివర్ధనం పూల రసం, తేనె, ఆముదం, తల్లిపాలు, ఆకు పసరు, ఏదైనా సరే శుభ్రం చేయనిది కంట్లో పోస్తే నల్లగుడ్డు మీద పుండు పడే ప్రమాదం ఉంది. ఫంగస్ పట్టిందంటే నెలల తరబడి వైద్యం. పైగా పైన పోసింది లోపలి రెటీనాకి చేరనే చేరదు. 9.4 ఉన్న మనిషి నలభై రోజులు షుగర్ మందులు, బీపీ మందులు ఆపేస్తే కంటికే కాదు, ప్రాణానికే ముప్పు.

పెదకాకాని_రమణయ్య

డాక్టరమ్మా, కటకం సంగతి నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. గుంటూరులో చూపించుకుంటాను. మూలికలు మాత్రం మానను.

రెటీనా_వైద్యురాలు_విశాఖ

మానక్కర్లేదండీ. మీ షుగర్ డాక్టరుకి ఏవేవి తీసుకుంటున్నారో చెప్పండి, అంతే. గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మాత్ర వేసుకుంటూ పొడపత్రి, కాకర రసం కలిపితే షుగర్ ఉన్నట్టుండి పడిపోవచ్చు. చెమటలు, వణుకు వస్తే వెంటనే పంచదార నీళ్లు తాగాలి. ఒక మాట, పొడపత్రి నమిలిన నోటికి తీపి తెలియదు కాబట్టి తాగింది పనిచేయలేదనుకోకండి.

కర్నూలు_ఇస్మాయిల్

సుజాత అక్కా, మా అబ్బాజాన్ సంగతి వినండి. ఆయన టైలర్. ఎడమకంట్లో కొత్త నాళాలు వచ్చాయని, ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. చూపు బాగైంది. బాగైంది కదా అని వెళ్లడం మానేశారు. పండగ, పంట, పెళ్లి, ఏదో ఒకటి అడ్డం వచ్చేది. ఒక తెల్లారుజామున నమాజుకి లేస్తే ఎడమకంట్లో పొగ గొట్టంలోంచి మసి రాలుతున్నట్టు కనిపించిందట. మధ్యాహ్నానికి మొత్తం ఎర్రటి తెర. కంట్లో రక్తం కారింది. రక్తం తగ్గుతుందేమోనని కొన్నాళ్లు చూశారు, ఈలోపు రెటీనా లాగేసింది. విట్రెక్టమీ, అంటే కంటి లోపలి జెల్లీని తీసేసే ఆపరేషన్, చేసి సిలికాన్ ఆయిల్ నింపారు. వారం పాటు బోర్లా పడుకోమన్నారు. అన్నం తినడానికి లేచినా తల దించే ఉంచాలి. మా అమ్మీ ఆయన పక్కనే నేల మీద కూర్చుని ముద్దలు పెట్టేది. తర్వాత ఇంకో ఆపరేషన్ చేసి ఆయిల్ తీశారు.

ఇప్పుడు ఆ కంటితో చేతివేళ్లు లెక్కపెట్టగలరు, సూదిలో దారం ఎక్కించలేరు. కుడికంటికి లేజర్ పూర్తిగా చేయించాం, అది నిలబడింది. దాంతోనే కుడుతున్నారు.

నేను చెప్పేది ఒక్కటే, మొదలుపెట్టాక మధ్యలో ఆపొద్దు.

రెటీనా_వైద్యురాలు_విశాఖ

ఇస్మాయిల్ గారు చాలా ముఖ్యమైన సంగతి రాశారు. కొత్త నాళాలు పుట్టిన దశకి ఇంజెక్షన్, లేజర్ రెండూ పనిచేస్తాయని 2015లో వచ్చిన అమెరికా పరీక్షలో తేలింది. కానీ ఇంజెక్షన్ ప్రభావం కొన్ని వారాలే ఉంటుంది, లేజర్ ప్రభావం ఏళ్లపాటు నిలుస్తుంది. చికిత్సకు రావడం మధ్యలో ఆపేసినవాళ్లని తర్వాత పోల్చి చూస్తే, ఇంజెక్షన్లు మాత్రమే తీసుకున్నవాళ్ల కళ్లు లేజర్ చేయించుకున్నవాళ్ల కళ్లకన్నా ఎక్కువ పాడయ్యాయి. అందుకే దూరం నుంచి వచ్చేవాళ్లు, మళ్లీ వస్తారో రారో అన్న అనుమానం ఉన్నవాళ్లు అయితే లేజర్ ముందుగా పూర్తి చేయమని నేను గట్టిగా చెప్తాను. లేజర్ వల్ల పక్కచూపు, చీకట్లో చూపు కొంత తగ్గొచ్చు. అది దాచకుండా చెప్పాలి. కానీ మధ్యచూపు నిలవడానికి ఇచ్చే మూల్యం అది.

మోడరేటర్

ఒక సభ్యుడు పసరు వైద్యుడి ఫోన్ నంబర్ పెట్టారు, తొలగించాను. మందులు ఆపేయమని చెప్పే ఎవరి వివరాలూ ఈ వేదికలో పంచుకోవద్దు.

ఆయుర్వేద_చంద్రిక

నేను బీఏఎంఎస్ చేసి ప్రొద్దుటూరులో ప్రాక్టీసు చేస్తున్నాను. ఆయుర్వేదం పేరు చెప్పి జరుగుతున్నవి చూస్తే బాధేస్తుంది కాబట్టి రాస్తున్నాను.

"ఇంగ్లీషు మందులు ఆపితేనే నా మందు పనిచేస్తుంది" అన్న మనిషి దగ్గరికి వెళ్లకండి. అర్హత ఉన్న ఏ వైద్యుడూ ఆ మాట అనడు. పేరులేని పొడుల్లో అల్లోపతి షుగర్ మాత్రలే నూరి కలిపిన ఉదంతాలు పట్టుబడ్డాయి. రోగికి షుగర్ దిగుతుంది, మూలిక మహిమ అనుకుంటాడు, ఒకరోజు స్పృహ తప్పుతుంది. లోహ భస్మాలున్న రసౌషధాల విషయంలో మరీ జాగ్రత్త. ఇంటర్నెట్‌లో అమ్మే ఆయుర్వేద మందుల్ని అమెరికాలో పరీక్షించి 2008లో ప్రచురించారు, దాదాపు అయిదింట ఒకదానిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి దొరికింది. షుగర్ వల్ల రెటీనా దెబ్బతిన్న మనిషికి కిడ్నీలు కూడా చాలాసార్లు దెబ్బతిని ఉంటాయి. ఆ మనిషికి లోహాలు ఇవ్వడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. తిప్పతీగ అందరూ వాడుతున్నారు, దానివల్ల లివర్ దెబ్బతిన్న కేసులు 2021లో ముంబై డాక్టర్లు ప్రచురించారు.

నేత్ర తర్పణం గురించి అడుగుతారు. మినప్పిండితో కంటి చుట్టూ గట్టు కట్టి, గోరువెచ్చని ఔషధ నెయ్యి పోసి, కన్ను ఆర్పుతూ ఉండమంటాం. కంటి పొడిబారుడుకి కొందరికి హాయిగా ఉంటుంది. రెటీనా వాపుకి అది చికిత్స కాదు. ఇంజెక్షన్లు నడుస్తున్న కంటికి, ఆపరేషన్ అయిన కంటికి అసలు చేయకూడదు.

మరి మా శాస్త్రంలో పనికొచ్చేది ఏమీ లేదా అంటే ఉంది. వేళకి తినడం, రాత్రి భోజనం త్వరగా, తేలికగా ముగించడం, నడక, నిద్ర, పథ్యం. నా దగ్గరికి వచ్చే షుగర్ రోగుల్ని మొదట రెటీనా పరీక్షకి పంపి, ఆ రిపోర్టు చూశాకే మాట్లాడతాను.

తణుకు_సుజాత

చంద్రిక గారూ, మీ పోస్టు అమ్మకి చదివి వినిపించాను. ఆయుర్వేదం డాక్టరే వద్దంటోందే అని చాలాసేపు మౌనంగా ఉంది. శ్రీధర్ గారు రాసింది కూడా మళ్లీ చదివించుకుంది. మావయ్యతో నేనే మాట్లాడాను, నొచ్చుకున్నాడు గానీ ఒప్పుకున్నాడు.

ఇంజెక్షన్‌కి ఒప్పుకుంది. ఇప్పుడు కొత్త చిక్కు. మూడు నాలుగు రకాల మందుల పేర్లు చెప్పి, ధరలు చూసుకుని ఎంచుకోమన్నారు. చవకది వేయిస్తే అన్యాయం చేసినట్టా? మొత్తం ఎన్ని పడతాయి?

రెటీనా_వైద్యురాలు_విశాఖ

అన్యాయమేమీ కాదు. అన్నిటికన్నా చవక బెవాసిజుమాబ్, అవాస్టిన్ అంటారు. పేగు క్యాన్సర్‌కి తయారైన మందు, కంటికి చిన్న మోతాదుల్లో పంచి వాడతాం. ఆ పంచడం శుభ్రమైన పద్ధతిలో జరగాలి, కాబట్టి ఆస్పత్రి మంచిదై ఉండాలి. రానిబిజుమాబ్‌కి మనదేశంలో తయారైన రజుమాబ్ 2015 నుంచి దొరుకుతోంది, విదేశీ మందుకన్నా తక్కువ. అఫ్లిబెర్సెప్ట్, ఫారిసిమాబ్ ఖరీదైనవి.

2015లో అవాస్టిన్, రానిబిజుమాబ్, అఫ్లిబెర్సెప్ట్ ఈ మూడింటినీ పోల్చిన పరీక్షలో, చూపు కొంచెమే తగ్గినవాళ్లకి మూడూ ఒకేలా పనిచేశాయి. చూపు సుమారు 6/15 లేదా అంతకన్నా తక్కువ ఉన్నవాళ్లలో మొదటి ఏడాది అఫ్లిబెర్సెప్ట్ మెరుగ్గా ఉంది. అమ్మగారిది 6/18 కాబట్టి డాక్టరు దాన్ని సూచిస్తే అర్థం ఉంది. అయితే 2022లో వచ్చిన ఇంకో పరీక్ష మనలాంటి చోట చాలా ఊరట. ముందు అవాస్టిన్‌తో మొదలుపెట్టి, సరిపోకపోతేనే అఫ్లిబెర్సెప్ట్‌కి మారినవాళ్ల చూపు, రెండేళ్ల తర్వాత, మొదటి నుంచీ ఖరీదైనది వాడినవాళ్లతో సమానంగానే ఉంది. అందులో 70 శాతం కళ్లకి మధ్యలో మందు మార్చాల్సి వచ్చిన మాట కూడా గుర్తుంచుకోండి, మార్చాలన్నప్పుడు ఆలస్యం చేయకూడదు.

ఆ పరీక్షల్లో మొదటి ఏడాది 9, 10 ఇంజెక్షన్ల దాకా పడ్డాయి, రెండో ఏడు అందులో సగం. డబ్బు ఆ లెక్కన సమకూర్చుకోండి. మొదటి ఒకటి రెండు ఇంజెక్షన్లకే ఉన్న డబ్బంతా ఖర్చుపెట్టి ఆపేయడంకన్నా, చవక మందు వరుసగా వేయించడం మేలు. గుండెపోటు, పక్షవాతం ఈమధ్యే వచ్చినవాళ్లకి, నెలనెలా రాలేనివాళ్లకి స్టెరాయిడ్ ఇంప్లాంట్ ఉంది, మూడు నాలుగు నెలలు పనిచేస్తుంది. కాకపోతే శుక్లం త్వరగా వస్తుంది, కంటి ప్రెషర్ పెరగొచ్చు.

కర్నూలు_ఇస్మాయిల్

ఖర్చు గురించి ఒక మాట అక్కా. ఆంధ్రలో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ కార్డుంటే, ఏ రెటీనా చికిత్స పథకంలోకి వస్తుందో ఆస్పత్రిలో కూర్చునే ఆరోగ్యమిత్రని ముందే అడగండి. ప్రభుత్వానికి కర్నూలులో, విశాఖలో ప్రాంతీయ కంటి ఆస్పత్రులున్నాయి, హైదరాబాద్ మెహదీపట్నంలో సరోజినీదేవి ఉంది. మీకు దగ్గరలో అంటే విజయవాడ పక్కన తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ వారి ఆస్పత్రి, కట్టలేనివాళ్లకి ఉచితంగా చూసే విభాగం అక్కడ ఉంటుంది.

ప్రైవేటు ఆరోగ్య బీమా ఉంటే, కంట్లో వేసే ఇంజెక్షన్లని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ఆధునిక చికిత్సల జాబితాలో చేర్చింది. రాత్రి ఆస్పత్రిలో ఉండలేదు కాబట్టి రాదని అంటే ఊరుకోవద్దు. పరిమితి ఎంతో పాలసీలో చూడండి.

యోగా_పద్మావతి

సుజాత గారూ, అమ్మగారు యోగా చేస్తారా? నేను రాజోలులో క్లాసులు చెప్తాను. ఈ జబ్బున్నవాళ్లకి నేను పెట్టుకున్న నియమం ఏమిటంటే, రెటీనా రిపోర్టు చూడకుండా శీర్షాసనం, సర్వాంగాసనం, హలాసనం చేయించను. తలకిందులైతే కంటి ప్రెషర్ రెట్టింపు దాకా పెరుగుతుంది. కపాలభాతి, భస్త్రిక, ఊపిరి బిగబట్టే కుంభకం కూడా అంతే. పెళుసు నాళాలున్న కంట్లో అవి చిట్లొచ్చు. యూట్యూబ్‌లో "కంటి చూపుకి శీర్షాసనం" అని చూసి ఇంట్లో గోడకానించి చేసేవాళ్లున్నారు, వాళ్లని తలుచుకుంటే నాకు భయం.

నిలబడి చేసే తేలికైన ఆసనాలు, నాడీశోధన, శవాసనం, సాయంత్రం నడక చక్కగా చేయొచ్చు. త్రాటకం, అంటే రెప్పవేయకుండా దీపాన్ని చూడటం, వల్ల రెటీనా బాగవుతుందని ఆశ పెట్టుకోవద్దు.

రెటీనా_వైద్యురాలు_విశాఖ

పద్మావతి గారికి చేతులెత్తి దండం. కొత్త నాళాలున్నవాళ్లు నీళ్ల బిందెలు, బియ్యం బస్తాలు ఎత్తడం, మలబద్ధకంతో గట్టిగా ముక్కడం కూడా తగ్గించుకోవాలి.

డాలస్_కిరణ్

మా నాన్న నెల్లూరులో ఉంటారు, ఆయనకి ఇదే సమస్య తొలిదశలో ఉంది. నేను ఇక్కడ ఆయన కాగితాలన్నీ ముందేసుకుని చదువుతూ ఉంటాను. రెండు విషయాలు డాక్టరు గారిని అడగాలని.

ఒకటి, ఫెనోఫైబ్రేట్. ట్రైగ్లిజరైడ్లకి వాడే పాత, చవక మాత్ర. స్కాట్లాండ్‌లో చేసిన లెన్స్ అనే పరీక్ష ఫలితాలు 2024లో వచ్చాయి. తొలిదశ రెటినోపతీ (షుగర్ వల్ల రెటీనా దెబ్బతినడం) ఉన్నవాళ్లలో జబ్బు ముదరడం 27 శాతం తగ్గిందట. ఆస్ట్రేలియాలో 2013 నుంచే దీనికి అనుమతి ఉందని చదివాను. మరి నాన్నకి ఎవరూ రాయలేదే?

రెండు, ఇక్కడ అందరూ ఓజెంపిక్ అంటున్నారు. బరువు తగ్గుతుంది, షుగర్ తగ్గుతుంది. కంటికి మంచిది కాదన్న మాట నిజమా?

రెటీనా_వైద్యురాలు_విశాఖ

ఫెనోఫైబ్రేట్ గురించి మీరు చదివింది సరైనదే, ఇంకా ఎక్కువగా వాడాల్సిన మందు అని నా అభిప్రాయం. వాపు వచ్చేశాక ఇంజెక్షన్‌కి బదులుగా కాదు, తొలిదశలో ముదరకుండా. కిడ్నీ పరీక్ష చూసి మోతాదు నిర్ణయించాలి, క్రియాటినిన్ కొద్దిగా పెరుగుతుంది. నాన్నగారి షుగర్ డాక్టరుని సూటిగా అడగండి.

ఓజెంపిక్, అంటే సెమాగ్లూటైడ్. 2016 నాటి పెద్ద పరీక్షలో రెటినోపతీ ఇబ్బందులు మందు తీసుకున్నవాళ్లలో 3 శాతం, తీసుకోనివాళ్లలో 1.8 శాతం. ఇందులో ఎక్కువ భాగం షుగర్ వేగంగా దిగడం వల్లేనని భావిస్తున్నారు. ఈ సంగతి ఇన్సులిన్‌తోనూ పాతకాలం నుంచి తెలిసిందే. ఏళ్ల తరబడి 10, 11 ఉన్న హెచ్‌బీఏ1సీని ఒక్కసారిగా కిందికి లాగితే మొదటి నెలల్లో రెటీనా ముదరొచ్చు, తర్వాత లాభమే. మన దగ్గర కూడా ఉన్నట్టుండి అన్నం పూర్తిగా మానేసి, నూనెలు తాగే డైట్లలోకి దూకేవాళ్లకి ఇదే వర్తిస్తుంది. దూకే ముందు రెటీనా చూపించుకోవాలి, తర్వాత కూడా త్వరత్వరగా చూపించుకోవాలి.

సుజాత గారూ, అమ్మగారి 9.4ని నెమ్మదిగా 7 వైపు దించండి. బీపీ అదుపు షుగర్ అదుపుకన్నా తక్కువ ముఖ్యం అనుకోవద్దు. 1998లో బ్రిటన్ పరీక్షలో బీపీని గట్టిగా అదుపు చేసినవాళ్లలో రెటినోపతీ ముదరడం 34 శాతం తగ్గింది. రక్తహీనత, కిడ్నీ, గురకతో నిద్రలో ఊపిరి ఆగడం కూడా చూపించండి. పయోగ్లిటజోన్ అనే షుగర్ మాత్ర వాడుతుంటే చెప్పండి, అది కొందరిలో ఈ వాపుని పెంచుతుంది.

నెల్లూరు_భార్గవి

తిండి సంగతి ఎవరూ చెప్పలేదు. అత్తయ్యకి పొన్నగంటి కూర, క్యారెట్, మునగాకు పెడుతున్నాం, కంటికి మంచిదని. మందుల షాపులో లూటిన్ మాత్రలు కూడా ఇచ్చారు.

రెటీనా_వైద్యురాలు_విశాఖ

ఆకుకూరలు మంచివే, పెట్టండి. కానీ పొన్నగంటి, క్యారెట్ ఉపయోగపడేది విటమిన్ ఏ లోపానికి, రేచీకటికి. ఇది ఆ జబ్బు కాదు. క్యారెట్ జ్యూస్ గ్లాసులు గ్లాసులు తాగితే షుగరే పెరుగుతుంది. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు ఆకుకూరల విషయంలో కూడా డాక్టర్ని అడగాలి. లూటిన్, జింక్ మాత్రలు వయసుతో వచ్చే మాక్యులా జబ్బు కోసం పరీక్షించినవి, షుగర్ రెటినోపతీకి కాదు. ఆల్ఫా లిపోయిక్ ఆమ్లం మీద జర్మనీలో రెండేళ్లు పరీక్షించారు, వాపు రాకుండా ఆపలేకపోయింది. ఆ డబ్బుతో చేపలు కొనుక్కోమంటాను. మీది నెల్లూరు కదా, కానగంతలు, కవళ్లు దొరుకుతాయి. స్పెయిన్‌లో 2016లో ప్రచురించిన పరిశీలనలో, ఆహారంలో ఒమేగా 3 రోజుకి అర గ్రాముకి తగ్గకుండా తిన్నవాళ్లలో చూపు పోగొట్టే రెటినోపతీ దాదాపు సగం తక్కువ కనిపించింది. వేయించకుండా పులుసు పెట్టుకోండి, అన్నం కొలతలో ఉంచండి.

తణుకు_సుజాత

మొదటి ఇంజెక్షన్ అయింది. అవాస్టిన్‌తో మొదలుపెట్టారు, మూడు అయ్యాక స్కాన్ చూసి నిర్ణయిస్తామన్నారు. బయటికి రాగానే అమ్మ "ఇంతేనా?" అంది. శ్రీధర్ గారు చెప్పిన బుడగలు కనిపించాయి, ముందే తెలియడం వల్ల కంగారు పడలేదు. మెంతులు, నడక కొనసాగిస్తున్నాం, షుగర్ డాక్టరుకి చెప్పే. పొడులన్నీ పక్కన పెట్టేశాం.

ఎవరైనా వెళ్తుంటే ఒక సూచన. చుక్కలు వేశాక నాలుగైదు గంటలు అంతా మసకే, ఎండ చూడలేరు. బండి మీద వెళ్లొద్దు, నల్లద్దాలు, తోడు మనిషి ఉండాలి.

నల్గొండ_లావణ్య

సుజాత గారూ, మంచి వార్త. డాక్టరు గారూ, ఇక్కడే ఒకటి అడగొచ్చా? నాకు చిన్నప్పటి నుంచీ టైప్ 1, ఇన్సులిన్ మీద ఉన్నాను. ఇప్పుడు రెండో నెల. కిందటేడు కంట్లో చిన్న చిన్న రక్తపు చుక్కలున్నాయన్నారు, చికిత్స అక్కర్లేదన్నారు. కడుపుతో ఉన్నప్పుడు చుక్కలు వేయించుకుంటే బిడ్డకి ప్రమాదమని మా అత్తగారు భయపడుతున్నారు. ప్రసవం అయ్యాక వెళ్లనా?

రెటీనా_వైద్యురాలు_విశాఖ

లావణ్యమ్మా, ఆగొద్దు, ఈ వారమే వెళ్లండి. గర్భంతో ఉన్నప్పుడు రెటినోపతీ వేగంగా ముదరొచ్చు. షుగర్ ఇప్పుడు త్వరగా అదుపు చేస్తారు కాబట్టి ఇంకా ఎక్కువ కనిపెట్టి ఉండాలి. గర్భిణి అని ముందే చెప్పండి, తగిన చుక్కలు వేస్తారు, లేదా చుక్కలు లేకుండా కెమెరాతో ఫొటో తీసే వీలుంటే చూస్తారు. మూడో నెలలోపు ఒకసారి, తర్వాత ప్రతి మూడు నెలలకీ, ప్రసవం అయ్యాక ఏడాది దాకా చూపించుకోవాలి. అవసరమైతే లేజర్ చేయొచ్చు, బిడ్డకి ఇబ్బంది లేదు. కంట్లో ఇంజెక్షన్లు మాత్రం ఈ సమయంలో వీలైనంత వరకు వేయం. అత్తగారిని వెంట తీసుకెళ్లండి, ఆవిడ అనుమానాలు అక్కడే అడగనివ్వండి. కంటి రిపోర్టు ఒక కాపీ మీ గైనకాలజిస్టుకి కూడా ఇవ్వండి.